ఆట ముగిశాక తెలిసేదే స్నేహం

 

సాయంత్రం మైదానంలో కబడ్డీ కూత మొదలైతే మన సుగాలి, ఎరుకల, యానాది, చెంచు పిల్లల పక్కన ఊరి పిల్లలూ నిలబడతారు. కూతకు కులం లేదు. అయితే హాస్టళ్ళలో మేం గమనించేది ఆట తర్వాతి సంగతి. ఒకే బిందెలో నీళ్ళు ముంచుకుంటున్నారా? పేరు పెట్టి పిలుస్తున్నారా, కులం పెట్టి పిలుస్తున్నారా? పండక్కి ఇంటికి రమ్మంటున్నారా?

మన సీమలో భక్తి ఆ దారి ఎప్పుడో చూపింది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడి చెంచుల అల్లుడయ్యాడు. సంక్రాంతి తర్వాత పారువేటలో సుమారు 40 రోజులు పల్లెపల్లెకూ తిరిగి తన కల్యాణానికి పిలుస్తాడు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు బీబీ నాంచారి పుట్టింటివాళ్ళుగా గుడికొస్తారు. ఏడాదికోసారి దేవుడి పేరుతో ఇచ్చే ఆ మర్యాద, తోటి ఆటగాడికి రోజూ దక్కాలి.

అందుకే తండావాళ్ళు ఒకవైపు, ఊరివాళ్ళు ఒకవైపు అని జట్లు పంచుకోకండి, కలిపి కట్టండి. ఎవరైనా కులం పేరుతో ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకోకండి. ఆట ఆపి, మీ పేరు చెప్పండి. మన భాషను, మన పండగను దాచుకొని చేసే స్నేహం నిలవదు. అవన్నీ తెలిసి కూడా మీ పక్కన కూర్చుని అన్నం తినేవాడే నేస్తం.