ముందు వరసలో నిలిచేవాళ్లు



అలియాబాద్ బడి స్వర్ణోత్సవంలో అమెరికా ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే మిత్రులు కొందరు నవ్వారు. కబడ్డీ ఆడినవాళ్లకు ఇది మరీ కొత్త సంగతేం కాదు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు హ్యూస్టన్‌లో ఉన్నాను. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే జనానికి పిచ్చి. పేరుకే ఫుట్‌బాల్, ఆడేది ఎక్కువగా చేతులతోనే. జట్టుకు పదకొండు మంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. ఒక్కొక్కరు 130 కిలోల పైమాటే. నడిమివాడు బంతిని వెనక్కి అందించాక, ఐదుగురి పనీ ఒక్కటే: ఎదుటివాళ్లను ఆపడం. మామూలుగా విసిరిన బంతిని అందుకునే హక్కు కూడా వాళ్లకు ఉండదు. చప్పట్లన్నీ విసిరినవాడికి, అందుకున్నవాడికి.

ఆ ఐదుగురిని చూస్తే నాకు 'టెక్సాస్' యుద్ధనౌక గుర్తొచ్చేది. 1914లో నౌకాదళంలో చేరి, రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసి, 1948లో మ్యూజియం అయింది. దాని మీద ఐదు ఫిరంగి బురుజులు, ఒక్కోదానిలో రెండేసి 14 అంగుళాల ఫిరంగులు. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో గురి అందనంత దూరమైతే, ఓడలో ఒక పక్క అరల్లోకి నీళ్లు వదిలి, రెండు డిగ్రీలు ఒరిగించి, ఫిరంగుల మూతి పైకి లేపి కొట్టారు. ఆ ఐదుగురూ అంతే. నడుం వంచి, మోకాళ్లు మడిచి, కిందినుంచి తోస్తారు. వంగినవాడికే బలం. కూతకొచ్చినవాడి కాలు పట్టినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

అయితే పోలిక అన్నిచోట్లా కుదరదు. 1906లో బ్రిటన్ 'డ్రెడ్‌నాట్' యుద్ధనౌకను నీటిలోకి దించింది. అదే ఏడాది అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. తర్వాత విమానాలొచ్చి పెద్ద యుద్ధనౌకల కాలం చెల్లింది. ఆటలో మాత్రం బంతి గాల్లోకి లేచినకొద్దీ ముందు వరస అవసరం పెరిగింది. విసిరేవాడికి రెండు మూడు సెకన్లయినా దొరకాలి కదా! ఇంకో తేడా ఉంది. ఒక బురుజు మూగబోయినా మిగతా నాలుగు పేలగలవు. వరసలో ఒక్కడు జారితే విసిరేవాడే కింద పడతాడు.

మన బడి కథ ఓడకన్నా ఆ వరసకే దగ్గర. మాలాంటి దూరం పోయినవాళ్లం విసిరిన బంతులం. ఇవాళ శాలువాలు మాకే కప్పారు. కానీ సార్లు తక్కువైన ఏడాది సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లు, వానకు కారే గది మీద రేకులు వేయించినవాళ్లు, రోజూ గంట కొట్టి గేటు తీసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఇప్పుడు కూడా వెనక కుర్చీల్లో కూర్చున్నారు.

రాజీవ్ రహదారి పక్క భూముల ధరలు పెరిగాయి. ప్రైవేటు బడుల బస్సులు ఇంటి ముందుకే వస్తున్నాయి. ఈ బడి నిలవాలంటే మేం పంపే డబ్బు ఒక్కటే చాలదు. అందుకే నాదొక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధి కమిటీలో సగం స్థానాలు ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఇవ్వాలి. చెక్కు మీద వాళ్ల సంతకం కూడా ఉండాలి. దీన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టమని కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.