వెండి కప్పుపై నున్న పేరు

(పాఠశాల క్రీడా బహుమతుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ బల్లమీద వరుసగా నుంచిన వెండి కప్పులను చూచినంతనే మాకొక మనుష్యుని కథ జ్ఞప్తికి వచ్చినది. కప్పుమీద గెలిచినవాని పేరు ఏటేట మాఱును. ఇచ్చినవాని పేరు మాఱదు. అట్లు తన పేరు నిలుపుకొన్న జేమ్స్ గోర్డన్ బెన్నెట్ అను అమెరికా దేశీయుని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

తండ్రికిని కుమారునకును ఒకటే పేరు. తండ్రి స్కాట్లండునుండి వలసవచ్చి, 1835లో న్యూయార్కున నొక నేలమాళిగలో, పీపాలపై పలక పఱచి, దానినే బల్లగా జేసికొని 'హెరాల్డ్' పత్రికను నెలకొల్పెను. వెల ఒక్క సెంటు. ఆ సెంట్లే కూడి మహైశ్వర్యమైనవి. 1841లో పుట్టిన కుమారుడు ఆ కష్టము నెఱుగడు. ఫలము మాత్ర మెఱుగును.

అయినను ఆతడు పిఱికివాడు కాడు. 1866 డిసెంబరులో మూడు తెరచాప ఓడలు అట్లాంటిక్ సముద్రమును దాటుటకు పందెము వైచికొన్నవి. పందెపు సొమ్ము 90,000 డాలర్లు. తక్కిన యజమానులు ఇంటనే యుండిరి. ఇరువదియైదేండ్ల బెన్నెట్ మాత్రము చలికాలపు తుపానులలో తన 'హెన్రియెట్టా'పై స్వయముగా పయనించి, క్రిస్మస్ నాడు ఇంగ్లండు తీరము చేరి గెలిచెను. కాని ఓడిన 'ఫ్లీట్‌వింగ్' నావనుండి ఆఱుగురు నావికులు కెరటములపాలైరి.

పత్రికాధిపతిగా ఆతడు వార్తలకై వేచియుండలేదు, వార్తలనే సృష్టించెను. ఆఫ్రికాలో జాడ తెలియని లివింగ్‌స్టన్‌ను వెదకుటకు స్టాన్లీని నియోగించెను. 1871లో ఉజీజీ గ్రామమున వారిరువురును కలిసికొనిరి. 1879లో ఉత్తరధ్రువ మన్వేషించుటకు తన సోదరి పేరిట 'జానెట్' ఓడను పంపెను. 1881 జూన్‌లో అది మంచుగడ్డల నడుమ నలిగి మునిగెను. ముప్పదిమువ్వురిలో నాయకుడు డీలాంగుతో గూడ ఇరువదిమంది తిరిగి రాలేదు.

ఆతని వింతచేష్టలకు లెక్క లేదు. 1877 నూతన సంవత్సర దినమున మద్యపాన మత్తుడై, తాను పెండ్లాడనున్న కన్య యింట సభ్యత మీఱి ప్రవర్తించెను. సంబంధము తప్పిపోయెను, కన్య సోదరునితో ద్వంద్వయుద్ధము జరిగెను. ఎవరికిని గాయము కాలేదు గాని, బెన్నెట్ పారిస్‌కు తరలి, తక్కిన జీవితమున నధికభాగము అచ్చటినుండియే తంతి మూలమున న్యూయార్కు పత్రికను శాసించెను. 1887లో పారిస్‌లోనే మఱియొక పత్రికను స్థాపించెను. ఉష్ణమాపకపు డిగ్రీల నొక పద్ధతినుండి మఱియొక పద్ధతికి మార్చుటెట్లని యడిగిన యొకే లేఖను అందులో 1899 మొదలు 1918 వఱకు ప్రతిదినమును అచ్చువేయించెను! విహారనౌకలో తాజాపాలకై యావును కూడ నుంచెను. గుడ్లగూబలన్న ఆతనికి ప్రాణము.

క్రీడలకు ఆతడు చేసిన మేలు కాదనరానిది. పోలో ఆటను 1876లో అమెరికాకు తెచ్చెను. 1900లో మోటారు బండ్ల పందెమునకును, 1906లో బెలూనుల పందెమునకును, 1909లో విమానముల పందెమునకును బహుమతుల నేర్పఱచెను. బెలూనుల పందెము నేటికిని ఆతని పేరిటనే జరుగుచున్నది.

1918లో ఆతడు మరణించెను. రెండేండ్లకే 'హెరాల్డ్' పరులకు అమ్ముడుపోయి, 1924లో 'ట్రిబ్యూన్' పత్రికతో కలిసిపోయెను. తండ్రి పీపాలమీద మొదలుపెట్టినది పుత్రుని తరువాత ఆ యింట నిలువలేదు.

పిల్లలారా! ఈతనిని దూషించుట మా యుద్దేశము కాదు. ఆతని సాహసము మాకు ముచ్చట గొలుపుచునే యున్నది. కాని ఆ కప్పులపై బెన్నెట్ పేరు చదువునపుడు, కెరటములపాలైన యా ఆఱుగురి పేర్లు మన కేల తెలియవని మేము చింతింతుము. నేడు కప్పు నందుకొను బాలుడు ఇంటికి పోవుటకు ముందు, ఎండలో ఈ మైదానమును చదునుచేసి సున్నపుగీతలు గీచినవారియొద్దకు పోయి, వారి పేరడిగి నమస్కరించునుగాక. మా కోరిక యిదియే.