సదస్సుకు వెళ్తున్నాం, ఏం తెస్తాం?

(సర్పంచులుగా, వార్డు సభ్యులుగా ఎన్నికైన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే వారం మండల సదస్సుకు వెళ్తున్నాం. కిందటిసారీ వెళ్ళాం. సంచీ ఇచ్చారు, భోజనం పెట్టారు, ఫొటో తీశారు. చెరువు తూము సంగతి అడగకుండానే తిరిగొచ్చాం. ఆ ఏడు ఆయకట్టు చివరి పొలాలు ఎండిపోయాయి. తప్పు అధికారులది మాత్రమే కాదు, మనది కూడా.

ఈసారి చేతులూపుకుంటూ వెళ్ళొద్దు. ముందే గ్రామసభలో మూడే మూడు సమస్యలపై తీర్మానం చేయించి, నకళ్ళు పట్టుకెళ్దాం. "చాలా ఇబ్బందులున్నాయి" అంటే ఎవరూ వినరు. "ఫలానా తూము, ఇన్ని ఎకరాలు, అర్జీ పెట్టిన తేదీ ఇది" అంటే జవాబు చెప్పక తప్పదు.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. మొదటిది వ్యవసాయం. మూడోది చిన్న నీటిపారుదల. అప్పగించడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. కాబట్టి వీటిలో ఏ అధికారం, ఏ నిధి, ఏ సిబ్బంది మన పంచాయతీకి వచ్చిందో వేదిక మీదున్నవారినే అడుగుదాం.

మహిళా సర్పంచులు స్వయంగా రావాలి, వారి కుర్చీలో భర్తలు కూర్చోవద్దు. ఒకే కాలువ కింది ఊళ్ళవాళ్ళను కలుద్దాం. ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకే అర్జీ మీద సంతకం పెడితే దానికి బలం.

జవాబిచ్చిన అధికారి హోదా, చెప్పిన గడువు రాసుకుందాం. వారంలోగా గ్రామసభలో చదివి వినిపిద్దాం. మనల్ని పంపింది ఊరు. లెక్క చెప్పాల్సింది కూడా ఆ ఊరి జనానికే.