పరిహాసము - జాతిద్వేషము
(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



ఈ మహాసభ ముందుంచబడిన తీర్మానములలో నాలుగవదానిని గూర్చి కొన్ని మాటలు విన్నవింపుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరిరి. అమీరుపేట వసతిగృహములలో మన బాలురను కులము పేరిట వెక్కిరించుచున్నారనియు, చలనచిత్రములలో మన వేషభాషలను నవ్వులపాలు చేయుచున్నారనియు, అట్టి పరిహాసమును అంటరానితనముతో సమానమైన జాతిద్వేషముగా నెంచి దండనీయము చేయవలెననియు దాని సారాంశము. బాలుర మనోవ్యథ యథార్థము. తుది వాక్యము మాత్రము మాకు సమ్మతము గాదు.

‘మనము సంఖ్యచే నధికులము, అధికులను నవ్విన జాతిద్వేషమెట్లగును?’ అని మన యువకులే కొందరు తీర్మానము నెదిరించుచున్నారు. ఈ వాదమును గూడ మేమంగీకరింపము. ఈ నగర చరిత్రయే దానికి బాధకము. నిజాము రాజ్యమున తక్కిన యే భాషవారికంటెను తెలుగువారే యెక్కువమంది. అట్లుండియు, 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలయందు కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో, ఆంగ్లమునను ఉర్దూలోను మరాఠీలోను మాటలాడినవారిని నెమ్మదిగా వినిన సభ్యులు, ఆలంపల్లి వేంకట రామారావను న్యాయవాది తెలుగున నోరు విప్పినంతనే గేలిచేసి, చప్పట్లు చరచి ఆపజూచిరి. తెలుగువారు కొందరు వెలికివచ్చి ఆంధ్ర జనసంఘమును స్థాపించుకొనిరి. ఆ నవ్వునకంత వాడి యెట్లు గలిగెను? కచేరీలో రాజభాష ఉర్దూ; 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు నదియే. నవ్వినవారు రాజ్యాధికారులు గారు; ఆ యధికారపు నీడన నిలిచి నవ్విరి. తెలుగువాని సంఖ్య వానికి కొరగాలేదు.

కావున తలలు లెక్కించిన తగవు తీరదు. మరి దేనిని లెక్కింపవలెను?

నాట్యశాస్త్రము తుది యధ్యాయమున నొక కథ గలదు. భరతుని పుత్రులు ప్రహసనములలో ఋషులను వెక్కిరించిరట. ఋషులు కోపించి శపించిరి, నటులు శూద్రాచారులైరి. ఈ కథ చెప్పినపుడెల్ల మేము విద్యార్థులనొక ప్రశ్న యడుగుచుండెడివారము: నవ్వబడినవారు మరునాడేమి కోల్పోయిరి? ఏమియు లేదు. ఆశ్రమములు, యజ్ఞములు, గౌరవము యథాతథముగా నుండెను. నవ్వినవారి కులమే దిగజారెను. పరిహాసమును తూచుటకు ఈ మరునాటి ప్రశ్నకంటె మంచి త్రాసు మాకు కనబడలేదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో శ్వేతజాతీయులు మొగములకు మసి పూసికొని నల్లజాతివారిని వెక్కిరించు నాటకము లాడుచుండగా, దక్షిణ రాష్ట్రములలో ఆ నల్లవారు సంతలో అమ్ముడుపోవుచుండిరి. నేడు శ్వేతజాతీయుని వంటను గూర్చి యెవడైన నవ్వినచో వాని వెనుక అట్టి సంత యేదియు లేదు.

ఇక మన పేటకు వత్తము. మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు శిక్షణాలయములకై శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు గల యువజనులు వచ్చి, గదికి నలుగురైదుగురుగా నుందురు. (పంజగుట్ట యను పేరే పారసీకపు ‘పంజ్’, తెనుగు ‘గుట్ట’ల పొత్తని జనశ్రుతి, ఇచ్చట శుద్ధజాతిని వెదకుట వృథా.) గదిలోనివారు నవ్విరి, మన బాలుడు చిన్నబుచ్చుకొనెను. ఆ గదిలో వాడొంటరి, కావున నొప్పి కలుగుట సహజము. అమర్యాద అమర్యాదయే. కాని మరునాడు వానికేమి తక్కువయ్యెను? మన సంఘపు వసతిగృహమున్నది, సిఫారసు చేయు పెద్దలున్నారు, ఊర పొలమున్నది. అదే వీధిలో దళిత బాలుడు అద్దెగదికి పోయినచో, కులమడిగి, ఖాళీ లేదను యజమానులు నేటికిని గలరు. వారిలో మనవారును గలరని చెప్పుటకు సంకోచింపము.

చలనచిత్రముల మాట కొంత వేరు. తెలంగాణపు యాసను దశాబ్దములపాటు హాస్యగానికిని ప్రతినాయకునికిని కట్టిపెట్టిరి. కోట్లమంది మాటలాడు నుడియైనను, ఆ యాసగలవాడు నగరమున నోరు విప్పుటకు వెనుకాడెను. అది 1921 నాటి నవ్వునకు చుట్టమే. మన కులపు తలపాగాను, మీసమును గూర్చిన చతురోక్తి దానితో సరితూగదు.

చట్టమును గూర్చి యొక్కమాట. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము షెడ్యూల్డు కులములకును తెగలకును మాత్రమే రక్షణ నిచ్చుట పక్షపాతమని తీర్మానకర్తలు వ్రాసిరి. ఊరిబావికి, గుడికి, బడికి ఎవరిని దూరముంచిరో వారి కొరకే యది పుట్టినది. మనలను బావినుండి తరిమినవారెవరు? మనకును దిక్కు లేకపోలేదు. 2024 జులై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత 196వ విభాగము (మునుపటి శిక్షాస్మృతిలో 153-ఎ) కులము, మతము, భాష మొదలగువాని పేరిట వైరము రేపువానిని, ఆ వైరమే వర్గముపై నైనను, మూడేండ్ల వరకు చెరసాలకు పంపగలదు. వసతిగృహపు వెక్కిరింత ఆ కొలతకు సాధారణముగా రాదు. దానికి వార్డెను చాలును.

1868లో కార్ దొర అచ్చొత్తించిన తెలుగు సామెతల గ్రంథమున కులములను తూలనాడునవి యెన్నియో గలవు. అట్టివి మన పెండ్లిపందిళ్లలో నేటికిని వినబడుచునే యున్నవి. తీర్మానమున వానిని గూర్చి యొక్క యక్షరము లేదు.

కావున ‘అంటరానితనముతో సమానమైన’ అను పదములను తొలగించి, మన వసతిగృహమున నాలుగు స్థలములు కులమడుగక ఇతర బాలురకీయవలెననియు, గదులు అద్దెకిచ్చు మనవారు కులమడుగరాదనియు చేర్చవలెనని సవరణ ప్రతిపాదించుచున్నాము. ప్రతి కార్యదర్శిగారి బల్లపై నున్నది. సమర్థించువారు మధ్యాహ్న భోజనమునకు ముందుగా సంతకము చేయ గోరెదము.