పాత కడీల తొలగింపు



జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పసుపు చేల చుట్టును, మామిడితోటల చుట్టును, సిరిసిల్ల వైపు చెలకల గట్లమీదను ముళ్లతీగను మోయుచు ఏండ్ల తరబడి నిలిచి, నేడు ఒరిగిపోయిన రాతి కడీలను ట్రాక్టరుతో పెకలించు రైతులు కొన్ని జాగ్రత్తలను తప్పక పాటింపవలెను.

మొదట తీగను విప్పి, చుట్టగా చుట్టి దూరముగా నుంచవలెను. పిమ్మట కడీ మొదలున నీరు పోసి, నేల నానిన తరువాత, లాగదలచిన వైపున గడ్డపారతో లోతుగా త్రవ్వవలెను. గొలుసును కడీకి నేల దగ్గరనే బిగింపవలెను. పైన కట్టినచో రాయి నడుమ విరుగవచ్చును.

ట్రాక్టరు వైపున గొలుసును క్రిందనుండు డ్రాబారునకే తగిలింపవలెను. ఇరుసునకుగాని, పైలింకునకుగాని కట్టి లాగునప్పుడు కడీ కదలకున్నచో, చక్రములను త్రిప్పలేని ఇంజను శక్తి బండి ముందుభాగమునే పైకి లేపును. డ్రైవరు క్లచ్చి త్రొక్కులోపలనే ట్రాక్టరు వెనుకకు తిరుగబడి అతని ప్రాణములు తీయగలదు.

మొదటి గేరులో మెల్లగా గొలుసు బిగియనిచ్చి, ఒకే తీరుగ లాగవలెను. కుదుపుతో లాగినచో తెగిన గొలుసు కొరడావలె వెనుకకు కొట్టును. సాగెడి నైలాను త్రాడు మరింత ప్రమాదకరము. కావున గొలుసు పొడవునకు రెండింతల దూరము లోపల ఎవ్వరును నిలువరాదు. మడ్‌గార్డుపై పిల్లలను కూర్చుండనీయరాదు. పైన కరెంటు తీగలున్నచోట కడీని నిలువుగా ఎత్తరాదు.

కడీ వెలువడిన గుంతను, పశువుల కాళ్లు విరుగకుండ, ఆ పూటనే పూడ్చవలెను. ఇన్ని జాగ్రత్తలకు కొంత కాలము పట్టినను, కుటుంబమునకు ఆధారమైన మనిషి క్షేమముకన్న ఏ పనియు తొందరది కాదు.