గుండె కండరంలో రాలిపోయే కణాల లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



గుండెను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారి ఆజ్ఞ. ఉప్పు, నూనె, నడక సంగతులు మీరు ఏటా వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి గుండె కండరంలో తమంతట తామే చనిపోయే కణాలను ఎట్లా లెక్కిస్తారో చెబుతాను.

రక్తం అందక ఉబ్బి, పగిలి చచ్చే కణాలు వేరు. తనలోనే ఉన్న ఏర్పాటు ప్రకారం ముడుచుకుని, ముక్కలై, పొరుగు కణాలకు ఆహారమైపోయే కణం వేరు. ఈ రెండవ చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆకు రాలడమని అర్థం. అయితే వేపచెట్టు మళ్ళీ చిగురిస్తుంది. గుండెకు ఆ భాగ్యం తక్కువ: పాతికేళ్ళ వయస్సులో ఏడాదికి నూటికి ఒక్క కండర కణమే కొత్తది పుడుతుందని 2009లో తేల్చారు.

చనిపోయే కణంలో డి.ఎన్.ఏ. తెగిపోతుంది. ఆ తెగిన కొసలకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో లెక్కించే టునెల్ పద్ధతి 1992లో వచ్చింది. చిక్కేమిటంటే, ఆ రంగుకు కొస తెగిందని తెలుసును గాని ఎందుకు తెగిందో తెలియదు. పగిలి చచ్చిన కణానికీ, మరమ్మతు చేసుకుంటున్న కణానికీ కూడా పట్టవచ్చు. పైగా గుండెలో కండరం కాని కణాలు బోలెడు. వాటి చావు కండరం ఖాతాలో పడితే లెక్క తారుమారే.

అందుకే నీరసించిన గుండెలలో 1996లో కొందరు నూటికి 35 దాకా లెక్కపెడితే, 1997లో మరికొందరికి వెయ్యికి రెండు మూడే కనబడ్డాయి. కణం ఇట్లా కరిగిపోవడానికి గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు చాలు. మూడోవంతు కణాలు ఒక్కమారుగా పోతూ ఉంటే వారం తిరక్కుండా గుండే మిగలదు! ఆ రోగులో, నెలల తరబడి జబ్బుతో నెట్టుకొచ్చినవారు. కనుక చిన్న లెక్కనే నమ్మవలసి ఉంది.

చిన్నదే కదా అని తోసివేయడానికి వీలులేదు. 2003లో ఎలుకలపై చూశారు. లక్షకు 23 కణాలు ఇట్లా చస్తూ ఉంటే చాలు (మామూలు గుండెలో ఒకటిన్నర), కొద్ది నెలల్లో గుండె సాగిపోయి ఎలుకలు చనిపోయాయి. ఆ చావును మందుతో అడ్డగిస్తే గుండె సాగడం చాలావరకు ఆగింది.

ఇప్పుడు ఒక్క రంగును నమ్మక, కండరానికే ఉండే మాంసకృత్తుకు వేరొక రంగు వేసి, కాస్పేజ్ అనే ఎంజైము పనిచేస్తున్నదా అని కూడా చూస్తారు. ఇదంతా కోసి తీసిన ముక్కలో జరిగే పని. ఆసుపత్రిలో మీకు చేసే ట్రోపోనిన్ రక్తపరీక్ష గుండె కణం దెబ్బతిన్నదని చెబుతుంది. అది ఏ రకం చావో మాత్రం చెప్పలేదు.