తుంబురు కోనకు పోదాం రండి

తిరుమల అంటే క్యూ, గుండు, లడ్డూ అనుకునే వాళ్లకి ఇవాళ ఇంకో తిరుమల చెబుతాను. పాపవినాశనం దాకా బస్సుంది. ఆపైన కాళ్లే. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కదా, మామూలు రోజుల్లో ఆ అడవిలోకి పోనివ్వరు. ఫాల్గుణ పౌర్ణమికి మాత్రం తుంబురు తీర్థ ముక్కోటి అని జనాన్ని వదులుతారు.

ఈ తీర్థానికో కథుంది. తుంబురుడు గంధర్వుడు, మహా గాయకుడు. ఆయన భార్యకి తెల్లారగట్ల లేవాలంటే మహా బద్ధకం. అందులోనూ మాఘమాసం, చన్నీళ్ల స్నానం! రానంది. ఆయన కోపంతో, నీళ్లు లేని చోట రావిచెట్టు తొర్రలో కప్పవై పడుండమన్నాడు. ఆ లెక్కన మా ఇంటిల్లిపాదీ కప్పలమే! ఎన్నాళ్లకో అగస్త్యుడు శిష్యులతో వచ్చి, ఆ చెట్టు కిందే కూర్చుని తీర్థ మహిమ చెప్పాడు. తొర్రలో కప్ప వింది. విన్నందుకే ఆమెకి పూర్వరూపం వచ్చేసింది. స్నానం వద్దన్న మనిషికి స్నానం మాట వింటేనే శాపం తీరింది, చూశారా!

నాకు మాత్రం ఇక్కడ తుంబురుడి కంటే తరిగొండ వెంగమాంబ గుర్తొస్తుంది. 18వ శతాబ్దపు వేంకటేశ్వర భక్త కవయిత్రి, బాల్యంలోనే భర్త పోయిన మనిషి. కొండమీద పడ్డ సూటిపోటి మాటలు చాలనుకుని ఈ కోనలో గుహ చేరి తపస్సు చేసిందంటారు. మాటలు పడి మనసు అలిసినవాళ్లు అడవికి రావడం కొత్తేం కాదన్నమాట.

ఇక నడక. ఎర్రచందనం చెట్ల మధ్య ఎక్కుడూ దిగుడూ, మళ్లీ ఎక్కుడూ దిగుడూ. చివర కొండ నిలువునా చీలినట్టుంటుంది. అటూ ఇటూ రాతిగోడలు, నడుమ నీళ్లు. మోకాళ్లు, నడుం, కొన్నిచోట్ల ఛాతీ దాకా. సంచి నెత్తిన పెట్టుకుని, కట్టిన తాడు పట్టుకుని, కాలితో రాయి తడుముకుంటూ పోవాలి. ముందున్నవాళ్లు "గోవిందా" అంటే గోడ తిరిగి అంటుంది. ఆ చివర జలపాతం కింద తల పెడితే, పొద్దుట్నుంచీ గొణిగిన కాళ్లు కూడా నోరు మూసుకుంటాయి.

గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు సాహసం చెయ్యొద్దు. దారి మాత్రం నన్నడక్కండి. ముక్కోటి రోజు పాపవినాశనం దగ్గర దిగి, చేతికర్రలతో జనం ఎటు పోతుంటే అటు పొండి.